తొమ్మిది పొద్దుల పాలు

మా మనవడి పెళ్లయి, కొత్త పిల్ల ఇంట్లో అడుగుపెట్టిన పది రోజుల్లో మా అపార్టుమెంటు లిఫ్టు రెండుసార్లు ఆగిపోయింది. రెండోసారి ఆగినప్పుడు పక్క ఫ్లాటు ఆవిడ నాలుగంతస్తులు మెట్లెక్కి వచ్చి, మా సోఫాలో కూలబడి, కొంగుతో మొహం తుడుచుకుంది. లోపలున్న కొత్త పిల్లకు వినబడేటంత గొంతుతోనే, ఏ గడియలో కాలు పెట్టిందో గానీ వచ్చినప్పటి నుంచి అన్నీ ఇట్లాగే ఉన్నాయని అంది.

అప్పుడు నా నోట్లోంచి ఒక మాట ఊడిపడింది.

"ఎన్ని చూశారండీ?"

ఆవిడ తెల్లబోయింది. ఆవిడ సంగతి సరే, నేనూ తెల్లబోయాను. బుద్ధెరిగినప్పటి నుంచి నేను ఎవరినీ అండీ అన్నదాన్ని కాదు, మా ఇళ్లలో ఆ మాట లేదు. ఆ గొంతు నాదే, మాట మాత్రం యాభై ఏళ్ల కిందట మా ముందుగదిలో కిరాయికి ఉన్న మనిషిది. అన్నాళ్లూ నాలో ఎక్కడ దాక్కుందో, లిఫ్టు ఆగేసరికి బయటపడింది.

కొత్త పిల్ల హైటెక్ సిటీలో ఆఫీసుకు పోతుంది. ఏ మాట ఎక్కడ పుట్టిందో ఆరా తీసే రకం. బయటికి వచ్చి, అది ఎవరి మాట నాయినమ్మా అని అడిగింది. ఆ పూట కొంత చెప్పాను. చెప్పినకొద్దీ మిగిలింది గుర్తుకొచ్చింది.

ఆయన పేరు నాకు తెలుసు గానీ రాయను. మా అత్త ఆయన ఉన్నన్ని రోజుల్లో ఒక్కసారి కూడా ఆ పేరు పలకలేదు. లెక్కల సారు అనేది. నాకూ అదే అలవాటు.

గోదావరి దిక్కు మనిషి. పంటల లెక్కలు తీసే సర్కారు ఆఫీసులో పని. ఏ ఊళ్లో ఎకరానికి జొన్నలు ఎంత పండాయో రాసుకురావాలి. ఊరంతా కోసి తూచలేరు కదా, అందుకని అక్కడో ముక్క ఇక్కడో ముక్క కోయించి, తూచి, దాన్నిబట్టి ఊరంతటి మాట చెప్పాలి. చిటికెడు చూసి చట్టెడంత చెప్పే పని అని మా అత్త అనేది. దానికి ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. చిటికెడు చూసినవాడు ఎంతవరకు మాట్లాడొచ్చో, ఎక్కడ నోరు మూసుకోవాలో చెప్పడమే తన పని అనేవాడు.

అప్పటి మదీనాగూడ మీకు చెప్పినా నమ్మరు. బొంబాయి రోడ్డు మీద లారీ పోతే, ఆ చప్పుడు మియాపూర్ దాటేదాకా వినబడేది. రోడ్డుకు ఒక పక్క జొన్నచేలు, ఇంకో పక్క ఏనుగులు పడుకున్నట్టు రాతిగుండ్లు. ఇవాళ నేనుండే అపార్టుమెంటు కింద అట్లాంటి గుండు ఒకటి ఉండేది. దాని మీద మేం మిరపకాయలు ఎండబోసేవాళ్లం.

ఆయన మనిషి సన్నం. చొక్కా జేబులో రెండు పెన్సిళ్లు, చెవి మీద ఇంకోటి. జేబులో రెండున్నాయన్న సంగతి మరిచిపోయి చెవి మీది దానికోసం వెతుక్కునేవాడు. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి వేళ్ల మీద ఏదో లెక్కబెట్టేవాడు. లెక్కంతా అయ్యాక, పెట్టిన వేళ్లలోంచి ఒకటి మెల్లగా మడిచేసేవాడు. ఐదు అయితే ఒకటి మడిచి నాలుగు, తొమ్మిది అయితే ఒకటి మడిచి ఎనిమిది. ఎవరికో ఒకటి ఇచ్చేసినట్టు. ఆ వేలు ఎవరికి పోతున్నదో నాకు అర్థమయ్యేది కాదు.

ఇంకొకటి ఆ మాట. ఎవరేమన్నా సరే, "ఎన్ని చూశారండీ?" అనేవాడు. బస్సు ఎప్పుడూ ఆలస్యమే అని ఎవరన్నా అంటే అదే. నేను మిరపకాయలు ఎండబోస్తే వాన వస్తుందని మా అత్త అంటే అదే. అడిగి ఊరుకోడు, జవాబు కోసం పెన్సిలు తీసుకుని నిలబడతాడు. దాంతో ఊళ్లో సగంమంది ఆయన ముందర మాట్లాడటం మానేశారు. మిగిలిన సగం కావాలని మాట్లాడేవాళ్లు.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేసరికి నాకు పదిహేడేళ్లు. మాది తెల్లాపూర్, రెండు గంటల నడక. మామ అప్పటికే పోయాడు. నా పెనిమిటి ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. ఇంట్లో ఉన్నంతసేపు వాళ్ల అవ్వ, అదే మా అత్త, ఏమంటే ఊఁ అనడం, ఆమె ఏమీ అననప్పుడు నిద్రపోవడం. ఇంటికి దిక్కు మా అత్త. ఆమెకు దిక్కు ఒక బర్రె.

ఆ బర్రె నేను రావడానికి మూడు నెలల ముందు ఈనింది. పొద్దుటి పూట నాలుగు సేర్లు ఇచ్చేదట. నాలుగు సేర్లకు ఒక చుక్క తక్కువ ఉండేది కాదని మా అత్త ఊరంతటికీ చెప్పింది. నేను వచ్చిన మూడో వారం ఒక పొద్దున పాలు పిండి, చెంబులోకి వంగి చూసి, లేచి నిలబడింది. ఆమె ముందు నా మొహం చూడలేదు, నా కాళ్లు చూసింది.

"పాలు తగ్గినై," అంది.

ఎండకాలం వస్తున్నదనో, గడ్డి మారిందనో నేను నసిగాను. ఆమె వినలేదు. నాలుగు ఈతల బర్రె, ఆరు నెలలదాకా తగ్గనే తగ్గదు, మధ్యలో ఇంట్లోకి కొత్తగా వచ్చింది ఏందో అందరికీ కనబడుతనే ఉన్నదని అంది. అమావాస్య దాటగానే నన్ను తెల్లాపూర్ తోలిస్తుందట. బర్రె ఒట్టిపోయి, మళ్లీ కట్టి, మళ్లీ ఈనినాక తెచ్చుకుంటుందట. అంటే ఏడాది పైమాటే. పారాణి ఆరకముందే పుట్టింటికి పంపిన పిల్లను ఊరు ఏమంటుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మా అమ్మ తలెత్తుకు తిరగలేదు. నా పెనిమిటికి చెబితే, అవ్వ ఎట్లంటే గట్ల అని దుప్పటి ముసుగేసుకున్నాడు.

ఈ మాటంతా బావి దగ్గర జరిగింది. సారు అక్కడే పళ్లు తోముకుంటున్నాడు. నోటినిండా పండ్లపొడి. ఉమ్మేసి వచ్చి నిలబడ్డాడు.

"ఎన్ని చూశారండీ?"

"ఏంది ఎన్ని జూసుడు? నా బర్రె, నా కండ్లు."

"ఎన్ని రోజులు కొలిచారండీ అంటున్నాను."

మా అత్త కొంచెం తడబడింది. రెండు మూడు దినాలు అంది. కొలిచిందా, చెంబులో చూసిందా అని ఆయన అడిగితే, చూసింది అంది. ఆయన చెవి మీద పెన్సిలు కోసం వెతుక్కున్నాడు.

అట్లా మొదలైంది. ఆయన ఆఫీసు నుంచి ఎత్తైన గాజు జాడీ తెచ్చాడు. మా అత్త రాగిసేరుతో నీళ్లు పోసి, దాని మీద కాగితం అంటించి, సేరుకు పది చొప్పున గీతలు గీశాడు. నాలుగు సేర్లంటే నలభై గీతలు. ఏడు రోజులు కొలుద్దాం అన్నాడు. కొలిచే ముందర ఒక మాట నిలబెట్టాలన్నాడు. ఏ మాట అంటే, బర్రె నాలుగు సేర్లే ఇస్తున్నది, ఏమీ మారలేదు అనే మాట. దాన్ని గోడలాగా నిలబెట్టి, ఈ ఏడు రోజులూ దాన్ని కూలగొట్టగలవా లేదా అని చూడాలట.

"గట్లెందుకు? తగ్గిందనే మాట నిలవెట్టు. లేదని ఆమెను జూపియ్యమను," అంది మా అత్త.

"నేరం మోపేది మీరు కదండీ. చూపించాల్సిందీ మీరే."

ఆ ముక్క విన్నప్పుడు నాకు ఆయన దేవుడిలా కనబడ్డాడు. వారం తిరిగేసరికి దయ్యంలా కనబడ్డాడు. దానికి కారణం నేనే.

పాలు పిండేది మా అత్త. కొట్టం నుంచి అరుగు మీది జాడీ దాకా మోసుకొచ్చేది నేను. దారిలో నీళ్ల గోలెం. మొదటి రోజు నా చేతులు శుద్ధంగానే ఉన్నాయి, నలభై గీతలు వచ్చాయి. రెండోరోజు ముప్పై మూడు. మూడోరోజు గోలెం దగ్గర చిన్న చెంబు నా చేతికి ఎట్లా వచ్చిందో నేను చెప్పలేను. నలభై ఐదు వచ్చింది. నాలుగోరోజు ముప్పై రెండే. ఏందా అని కొట్టంలోకి తొంగిచూస్తే, మా అత్త రెండు రొమ్ములు పిండి, మిగతా రెండూ దుడ్డెకు వదిలేసి, దాని వీపు నిమురుతూ తాగు బిడ్డా తాగు అంటున్నది. ఇగ నాకు సిగ్గు పోయింది. ఐదోరోజు చెంబు నిండా కలిపాను.

ఏడోరోజు సారు కాగితం ముందర పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మా అత్త చేనుకు పోయింది. నేను అరుగు అలుకుతున్నాను. ఆయన తల ఎత్తకుండానే మాట్లాడాడు.

"గోలెం దారిలోనే ఉంది కదూ, అమ్మాయ్."

నా చేతిలో పేడ అట్లాగే ఉండిపోయింది.

ఆయన తిట్టలేదు. నాకు అర్థమయ్యేట్టు ఒక సంగతి చెప్పాడు. కొలతల్లో గెంతులు ఎంత ఎక్కువుంటే రుజువు అంత కష్టమట. దాన్ని నేను మా వంటతో అర్థం చేసుకున్నాను. మా అత్త కూరలో ఉప్పు ఏ రోజైనా ఒక్క తీరే. ఒక పలుకు తగ్గినా నాలుకకు తెలుస్తుంది. నా కూర ఒకరోజు ఉప్పు కషాయం, ఒకరోజు చప్పిడి. ఇవాళ ఉప్పు తగ్గిందని నా కూరను తిని ఎవరు చెప్పగలరు? బర్రె కాగితం కూడా నా కూరలాగే ఉంది.

"ఈ కాగితం ఇలాగే లెక్క కడితే మీ అత్తగారి మాట నిలవదు. నువ్వు గెలుస్తావు," అన్నాడు.

"గయితే గట్లనే కట్టున్రి సారూ," అన్నాను. చేతులు పేడతోనే జోడించాను.

ఆయన పెన్సిలు చెవి మీద పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు. నా బతుకు ఆ కాగితం మీద ఉందని ఆయనకు తెలుసు. తెలిసే దాన్ని నాలుగు ముక్కలుగా చింపేశాడు. ఇది గేదె చెప్పిన మాట కాదు, మీరిద్దరూ చెప్పిన మాట అన్నాడు. సాయంత్రం మా అత్తతో మాత్రం నా పేరు గానీ ఆమె పేరు గానీ ఎత్తలేదు. గేదెలు ఇలా గెంతవండీ, ఈసారి నేను పక్కన కూర్చుంటాను అని, అంతే అన్నాడు. మా అత్త గొంతు సవరించుకుంది. నేను నేల చూశాను. ఆ రోజు నుంచి రెండు వారాలు, రోజూ నింపే ఆయన కుండలో నేను నీళ్లు పోయలేదు. తనే తోడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన ఇస్త్రీ ప్యాంటు వేసుకుని, జాడీ పట్టుకుని, కొట్టంలో ముక్కాలి పీట మీద కూర్చున్నాడు. బర్రె ఒకసారి తల తిప్పి ఆయన్ను చూసింది. మళ్లీ చూసింది. తర్వాత పాలు పైకి గుంజేసుకుంది. మా అత్త ఎంత దువ్వినా చుక్క దిగలేదు. కొత్త మనిషి వాసన తగిలితే బర్రెలు అంతే, ఎగజేపుతాయి. ఊళ్లో చంటిపిల్లకు కూడా తెలిసిన సంగతి. ఆయనకు తెలియదు. జొన్నల లెక్క మనిషి కదా.

ఈ రోజును లెక్కలోంచి తీసేద్దాం, ఇది గేదె పాలు కాదు, నా ప్యాంటు పాలు అన్నాడు.

మా అత్త నడుం మీద చేతులు పెట్టుకుంది. "నీకు నచ్చని దినం తీసేస్తవ్, నచ్చింది ఉంచుకుంటవ్. మంచిగున్నది సారూ నీ సదువు."

ఆయన మొహం ఎర్రబడింది. ఆయన్ను ఒక్కమాటతో కొట్టింది నేను చూసినంతలో మా అత్త ఒక్కతే. తప్పే అన్నాడు. అక్కడే నిలబడి కట్టుబాటు చేశాడు. మూడు రోజులు కొలవడం ఉండదు, గేదెకు తను అలవాటు కావడానికి ఊరికే కూర్చుంటాడు. నాలుగోరోజు నుంచి తొమ్మిది పొద్దులు, ఏది ఎట్లా వచ్చినా రాయడమే, ఒక్కటీ తీసేది లేదు. మా అత్త సరే అని, లోపలికి పోయి మామ గొంగడి తెచ్చి ఆయన మీద పడేసింది. ఆ గొంగడిలో పదేళ్ల చెమట, బీడీ, వానలో తడిసిన గొర్రె, అన్నీ ఉన్నాయి. బర్రెకు ఆ వాసన తెలుసు.

పొద్దు పొడిచే వేళకు, గొంగడి తలమీదుగా కొప్పెర వేసుకుని, కళ్లు మాత్రం కనబడేట్టు, సర్కారు ఉద్యోగి మా కొట్టంలో గొంతుక్కూర్చునేవాడు. మా అత్త నేర్పినట్టు నాలుక మడిచి చప్పుడు చేసేవాడు. అది ఆయనకు సరిగా రాలేదు, బర్రెను పిలిచినట్టు కాక పోట్లాటకు పిలిచినట్టు ఉండేది. దారిన పోయేవాళ్లు గోడ మీది నుంచి తలలు పెట్టేవాళ్లు. బర్రె దగ్గర మంత్రం నేర్చుకుంటున్నాడని ఒకరు, మా అత్త ఆయన్ను పాలేరుగా పెట్టుకుందని ఒకరు. ఆయన గొంగడిలోంచే, ఎవరండీ అది, వెలుతురు అడ్డం వస్తోంది అనేవాడు. మూడోరోజుకు బర్రె ఆయన మోకాలు నాకింది. నాలుగోరోజు చేపి పాలు దించింది.

ఆ తొమ్మిది పొద్దులూ జాడీ మోసింది ఆయనే. గోలెం పక్కనుంచి పోతూ నా దిక్కు చూసేవాడు కాదు. నేను గడపలో నిలబడి గీతలు చూసేదాన్ని. మా అత్త ఏమీ దుడ్డెకు మిగల్చలేదు, నేనేమీ కలపలేదు. ముప్పై ఎనిమిది, నలభై, ముప్పై తొమ్మిది, నలభై ఒకటి, ముప్పై ఏడు, నలభై, ముప్పై ఎనిమిది, నలభై ఒకటి, ముప్పై తొమ్మిది. నా పిల్లలు పుట్టిన తిథులు అడిగితే కొంచెం ఆలోచించాలి గానీ, ఇవి ఇప్పుడు లేపి అడిగినా చెబుతాను.

చివరిరోజు అరుగు మీద లెక్క కట్టాడు. మా అత్త ఎదురుగా కూర్చుంది. నేను తలుపు వెనక. తొమ్మిదింటి సగటు ముప్పై తొమ్మిదికి కొంచెం పైన తేలింది. నలభైకి తక్కువే. మా అత్త ఆ మాట వినగానే నా దిక్కు తిరిగి, సంచి సర్దుకో అన్నట్టు చూసింది. ఉండండమ్మగారూ అన్నాడాయన. తగ్గిన దాన్ని గెంతులతో పోల్చాలట. గెంతుల కొలత ఏదో కట్టి, భాగించి, కాగితం మీద ఒక అంకె వేసి చుట్టూ గుండ్రం గీశాడు. ఒకటి పాయింటు ఆరు ఏడు.

తర్వాత సంచిలోంచి ఒక సన్నటి పుస్తకం తీశాడు. చీమల్లాంటి అంకెల పట్టీ. రెండు చేతుల వేళ్ల మీద తొమ్మిది లెక్కపెట్టుకుని, అలవాటుగా ఒకటి మడిచి, ఎనిమిదో వరుస అనుకుంటూ పట్టీ మీద వేలు పెట్టాడు.

మా అత్త చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు సారూ. దినాలు తొమ్మిది గదా. ఎనిమిదో వరస జూస్తున్నవేంది? ఒక దినం యాడ వాయె?"

ఆయనకు సంబరమైంది. ఆఫీసులో ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదట. చెప్పడం మాత్రం అంత సులువు కాలేదు. సగటు ఇంత అని ముందే తేలిపోయాక, ఎనిమిది రోజులు తమ ఇష్టం వచ్చినట్టు ఉండొచ్చు, తొమ్మిదోదానికి మాత్రం ఇష్టమంటూ లేదు, మిగిలినవాటికి సరిపోయేట్టు ఎంత రావాలో అంతే రావాలి. అందుకని దాన్ని స్వతంత్రంగా లెక్కపెట్టకూడదు. రెండుసార్లు చెప్పాడు. మా అత్త కనుబొమ్మలు ముడిపడే ఉన్నాయి. తలుపు వెనకనుంచి నాకు తెలియకుండానే నా నోరు లేచింది.

"అంటే నేను బువ్వ తిన్నట్టు."

ఇద్దరూ తిరిగి చూశారు. ఇగ ఆగలేదు నేను. గంజుల వండిన అన్నం ఇంత అని ముందే ఖాయం. అందరూ ఎవరికి ఎంత కావాల్నో అంత పెట్టుకుంటరు. ఆఖరుకు నా ఆకలితో పని లేదు, ఎంత మిగిలితే అంత.

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. అదేనమ్మా అన్నాడు. మా అత్త తనలో తను అన్నట్టు, ముప్పై ఏండ్లు నేను గూడ గట్లనే తిన్న అంది. ఆ మాటలో నా మీద కోపం లేదు. ఎవరి మీదో ఉంది.

అప్పుడాయన ఎనిమిదో వరుసలో అంకె చదివాడు. ఒకటి పాయింటు ఎనిమిది ఆరు. మన అంకె దాన్ని దాటితే గోడ కూలినట్టు. దాటలేదు. కూతవేటు దూరంలో ఆగిపోయింది.

"అంటే తగ్గలేదంటవ్," అంది మా అత్త.

చూడండి, ఆ ఒక్క మాటకు అవునంటే నేను బతికిపోతాను. తలుపు చెక్కను గోళ్లతో పట్టుకుని నిలబడ్డాను. ఆయన అవునంటే ఆయన సొమ్మేం పోయింది?

"తగ్గలేదని నేననలేనండి," అన్నాడు. "తగ్గిందని చెప్పడానికి ఈ తొమ్మిది రోజులూ చాలవు అంటున్నాను. ఒకవేళ తగ్గినా, ఎవరి కాలి వల్ల తగ్గిందో నా పట్టీ చెప్పదు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. నీళ్లు కలిపిన కాగితాన్ని చింపేసిన మనిషి, నీళ్లు కలపని కాగితంతో కూడా నన్ను గట్టెక్కించడం లేదు. మా అత్త మాత్రం కాగితం దగ్గరికి జరుపుకుని, చదువు రాకపోయినా, ఆ గుండ్రంలోని అంకెను చాలాసేపు చూసింది.

"ఔననవు, కాదనవు. ఇగ నన్నేం జెయ్యమంటవ్?"

"ఇంకా చూడాలండి."

"ఎన్ని దినాలు?"

"ఎన్ని చూస్తే అంత మంచిది."

మా అత్త లేచింది. చీర దులుపుకుంది. బర్రె దిక్కు చూసి, నా దిక్కు చూసి, మళ్లీ నా కాళ్ల దిక్కు చూసింది.

"పిల్ల కాలు సంగతి జూడాల్నంటే పిల్ల కాలు ఈడనే ఉండాలె గదా. తెల్లాపూర్ల ఉంటే ఏం జూస్తం? ఉండనియ్," అంది. గడప దాటుతూ వెనక్కి తిరగకుండానే, "బువ్వకు రా. పొద్దువోయింది," అని నన్ను పిలిచింది. ఆ పూట అన్నం గంజు మధ్యలో పెట్టి, ఇద్దరం ఒకేసారి పెట్టుకున్నాం.

మా అత్త ఓడిపోతే నన్ను పంపకపోయినా సాధించేది. గెలిస్తే పంపేసేది. ఆయన గెలుపూ ఓటమీ లేకుండా చేసి, ఆమెకు చూసే పని అప్పగించాడు. అది కావాలని చేశాడని నేననను. ఆయనకు అంత లౌక్యం లేదు. ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం తప్ప ఇంకోటి రాదు, అంతే.

ఆ తర్వాత రెండు వారాల నీళ్లు ఒకేసారి ఆయన కుండలో నింపాను, పొంగి గది తడిసింది. మా అత్త అయితే ఆయన మాట ఆయనకే అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఒకరోజు ఆయన బస్టాపు హోటల్లో మిరపకాయ బజ్జీ ఒకటి తిని వచ్చి, ఇక్కడి బజ్జీలకు కారమే లేదండీ అన్నాడు. గోడ అవతల నుంచి మా అత్త, ఎన్ని తిన్నవ్ సారూ అంది. మాట మాటే కదా. మర్నాడు పోయి తొమ్మిది తిన్నాడు. ఆ మరునాడు చెంబు పట్టుకుని జొన్నచేనులోనే కాపురం పెట్టాడు. సాయంత్రం నీరసంగా అరుగు ఎక్కుతుంటే, ఎన్నిసార్లు పోయినవ్, అండ్ల ఒకటి తీసెయ్యాల్నా అని అడిగింది. ఆయన నవ్వలేక నవ్వాడు.

ఏడాది తిరగకముందే బదిలీ అయింది. జాడీ కొత్తది ఆఫీసుకు కొనిచ్చి, మా గీతల జాడీ మాకే వదిలిపెట్టాడు. గొంగడి మడతపెట్టి అరుగు మీద ఉంచాడు. వెళ్లేముందు కొట్టంలోకి పోయి బర్రె దగ్గర కాసేపు నిలబడ్డాడు. నాకు ఏదో చెబుతాడనుకున్నాను. నువ్వు బళ్లోకి పోయి ఉండాల్సింది అన్నాడు. మళ్లీ కనబడలేదు. ఒక కార్డు ముక్క వచ్చింది, అందులో గేదె క్షేమం అడిగి, తర్వాత మమ్మల్ని అడిగాడు. ఇప్పుడు ఉన్నాడో లేడో తెలియదు. ఉంటే నూరేళ్లకు దగ్గర ఉంటాడు.

మా అత్త మాత్రం ఆ మాట విడిచిపెట్టలేదు. బర్రె ఒట్టిపోయింది, మళ్లీ ఈనింది, దాని దుడ్డె ఈనింది. నాకు ముగ్గురు పుట్టారు. ఎవరు ఇంటికొచ్చి కోడలు ఎట్లున్నదని అడిగినా, ఆమె చేతివేళ్లు చూసుకుని, ఇంక జూస్తున్న, దినాలు సాలలేదు అనేది. కొత్తలో నాకు ఒళ్లు మండేది. తర్వాత ఆమె అనకపోతే ఏదో వెలితిగా ఉండేది.

ఆమె చివరిసారి దవాఖానలో పడుకున్నప్పుడు మా చుట్టపామె చూడవచ్చి, అదే అడిగింది. అప్పటికి మా అత్తకు మాట సన్నబడింది. రెండు చేతులూ దుప్పటి మీద పెట్టి, పది వేళ్లూ చాచి, అందులోంచి చిటికెనవేలు మెల్లగా మడిచింది. దినాలు సాలలేదు అంది. చుట్టపామెకు అర్థం కాలేదు. నాకు నవ్వొచ్చింది. నవ్వు దాచుకోవడానికి పాలగ్లాసు తీసి మా అత్త నోటికి అందించాను.

తాగబోయి ఆగింది. గ్లాసు కొంచెం వంచి, అప్పట్లో చెంబులోకి చూసినట్టే చూసింది. తర్వాత నా మొహంలోకి చూసింది.

"నీళ్లు గలిపినవా, పిల్లా?"